కావలి నేర్చిన పంచాంగం

కావలికి పంచాంగం ఎవరూ నేర్పలేదు. తనంతట తానే నేర్చుకుంది.

ఆ సంగతి మొదట ఫయాజ్ కంటపడింది. హనుమకొండలో ఒక మేడ పై అంతస్తులో ఉన్న ఆ ప్రయోగశాలలో పనిచేసేది నలుగురే. ఫయాజ్‌కు తెర మీద లెక్కలు తప్ప లోకం తెలియదని మిగతావాళ్ళు ఆటపట్టిస్తుంటారు. ఆరోజు పొద్దున అతను కుర్చీలోంచి లేచి నిలబడి, "వినీలా, ఓసారి ఇటు రా. మన కావలికి ఏదో గాలి సోకినట్టున్నది" అన్నాడు.

వినీల చాయ్ గ్లాసుతోనే వెళ్ళింది. కావలిని రాసింది ఆమె. దానికి తుమ్ము వచ్చినా ముందు తనకే తెలియాలన్న పట్టింపు ఆమెది.

అవసరం లేకపోయినా పెద్దాపరేషన్లు చేసే ఆస్పత్రుల మీద నిఘా పెట్టడానికి పుట్టిన యాప్ అది. నొప్పుల గదిలో తల్లి పొట్టకు ఒక బెల్టు కడతారు. బెల్టు బిడ్డ గుండె చప్పుడు విని ఫోనుకు చెబుతుంది. ఆపరేషన్ చేయాలనుకుంటే డాక్టరు కారణం నొక్కాలి. కావలి బెల్టు మాటనూ డాక్టరు మాటనూ పక్కపక్కన పెట్టి చూసి, నమ్మితే పచ్చదీపం వెలిగిస్తుంది, నమ్మకపోతే ఎర్రదీపం. అదే దీపం మత్తు డాక్టరు ఫోనులోనూ వెలుగుతుంది. పచ్చ రాకుండా ఆయన సూది ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఏడాదిపాటు లైసెన్సు పోతుందని కొత్త చట్టం. అలా పోగొట్టుకొని ఇంట్లో కూర్చున్నవాళ్ళు అప్పటికే ఇద్దరున్నారు.

తెర మీద నెలరోజుల దీపాలు పరిచి ఉన్నాయి.

"చూడు, ఎరుపంతా గుంపులు గుంపులుగా పడ్డది" అన్నాడు ఫయాజ్. "సోమవారాలా అంటే కాదు. పొద్దటిపూటలా అంటే కాదు. ఒకరోజు ఏడింటికి, ఇంకోరోజు పదకొండింటికి. ఇగో, ఈ రోజైతే ఒక్క ఎరుపు లేదు. డాక్టర్లు ఏం చెప్పినా నమ్మేసింది."

"ఏ తారీఖది?"

అతను చెప్పాడు. వినీల గోడకు వేలాడుతున్న క్యాలెండర్ వైపు తిరిగింది. కింది కిరాణా దుకాణంవాళ్ళు ఇచ్చింది. ఆ గడిలో నల్లటి చుక్క ఉంది. అమావాస్య.

ఆమె చాయ్ గ్లాసు కిందపెట్టి క్యాలెండర్‌ను మేకు నుంచి తీసుకొచ్చి తెర పక్కన ఆనించింది. గడి గడికీ సన్నటి అక్షరాల్లో వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం, అమృత ఘడియలు. అమృత ఘడియలున్న చోటల్లా తెర మీద ఎరుపు. వర్జ్యం, రాహుకాలం ఉన్న చోటల్లా పచ్చ. వినీల పగలబడి నవ్వింది.

"దీనికి పంచాంగం వచ్చేసింది ఫయాజ్!"

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మన దగ్గర చాలా ఇళ్ళలో బిడ్డ ఏ ఘడియలో పుట్టాలో అయ్యగారు చెబుతాడు, ఆ ఘడియకు డాక్టరు కత్తి పడుతుంది. ముహూర్తాన్ని కారణంగా చూపిస్తే ప్రభుత్వం ఒప్పుకోదు కాబట్టి బిడ్డ గుండె నెమ్మదించిందని నొక్కుతారు. బెల్టు కాదంటుందేమోనని దాన్ని ఒక బెత్తెడు పక్కకు జరుపుతారు. అప్పుడు చప్పుడు తెగిపోతుంది. ఇట్లాంటి అబద్ధాలు వేలకు వేలు విన్న కావలి, ఏ వేళల్లో ఎక్కువ వినబడుతున్నాయో పసిగట్టింది. మంచి ఘడియలో గుండె నెమ్మదిస్తే అది గుండె కాదు, జరిగిన బెల్టు అని తీర్మానించుకుంది. అలాంటప్పుడు మర్యాదగా ఒక ఆడగొంతుతో చెబుతుంది, "బెల్టు సరిచేయండి. మళ్ళీ చూద్దాం" అని.

వాళ్ళ పెద్దాయన ప్రొఫెసర్ రంగనాథ్ ఈ సంగతి విని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. రాజధానిలో కూర్చున్న అధికారులకు ఆ పూటే ఫోను చేసి చెప్పాడు. పెద్దాపరేషన్లు ఎందుకంతగా తగ్గాయో అప్పటిదాకా ఎవరికీ తెలియదు మరి.

ఫయాజ్ ఒక్కడే నవ్వలేదు. "నిజంగనే మంచి ఘడియల కష్టం వస్తే? అప్పుడేం చేస్తది?"

"అట్లాంటివి ఎన్నుంటయ్? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు" అంది వినీల.

"వేళ్ళంటే పిల్లలే గదా."

ఆ మాట ఆమె చెవిన పెట్టలేదు. పెట్టాల్సింది.

* * *

వినీల పుట్టిల్లు రామగిరిపేటలో. అన్న సంపత్‌కు అక్కడ ఎరువుల దుకాణం. వదిన నవనీతకు నెలలు నిండాయి. ఆమెకు తల్లి లేదు, అందుకే తొలికాన్పైనా పురుడు అత్తగారింట్లోనే పెట్టుకున్నారు. కోడలి కడుపు కనబడ్డ దగ్గర్నుంచి వినీల తల్లి సుగుణమ్మ కాలు నేల మీద నిలవడం లేదు.

ఆదివారం వినీల ఇంటికి వెళ్ళేసరికి తల్లి కందిపప్పు చెరుగుతూ, ఎవరూ అడగకుండానే మొదలుపెట్టింది.

"శుక్కురారం పొద్దుగాల తొమ్మిది దాటినంక అమృత ఘడియలట. అయ్యగారు మూడు పంచాంగాలు తిరగేసి చెప్పిండు. హైమావతి మేడంను ఒక్క మాట అడుగు బిడ్డా, నీ మాటైతే కాదనది."

"అమ్మా, నేను చేసే పనేంది, నువ్వు అడిగేదేంది?"

"ఎవలు చేస్తలేరే? ఎదురింటోళ్ళ మనుమడు పుష్యమిల పుట్టలేదా?"

"పుట్టలే. పుట్టించిండ్రు. నా వదినకు నొప్పులు వాటంతట అవి వస్తయ్, కాన్పు అదే అయితది. ముహూర్తం మాట ఈ ఇంట్ల మళ్ళ వినపడొద్దు."

సుగుణమ్మ చేట పక్కన పడేసింది. సంపత్ తల్లి వైపూ చెల్లెలి వైపూ మార్చి మార్చి చూసి దుకాణానికి బయల్దేరాడు. నవనీత మాత్రం నవ్వింది. "మీరిద్దరు కొట్లాడుకొని తేల్చండి వదినా. ఎప్పుడు రావాల్నో లోపలున్నోళ్ళకు నేను చెప్త."

చివరికి తల్లే తగ్గింది. తగ్గినా మూతి మాత్రం ముడిచే ఉంది. గెలిచానన్న సంతోషంతో వినీల తిరుగు బస్సెక్కింది.

బస్సులో ఉండగానే హైమావతి ఫోను చేసింది. రామగిరిపేటలో ముప్పై ఏళ్ళుగా కాన్పులు చేస్తున్న డాక్టరమ్మ. వినీల పుట్టింది కూడా ఆమె చేతుల్లోనే.

"నీ మిషన్‌కు నా మాట మీద నమ్మకం పోయింది బిడ్డా."

"ఏమైంది మేడం?"

"మొన్న బుధవారం పొద్దున ఒక పిల్లకు కడుపుల బిడ్డ గుండె పడిపోతున్నది. నా కళ్ళతోని చూస్తున్న, నా చెవులతోని వింటున్న. అదేమో బెల్టు సరిచేయమంటది. సరిచేసిన. మళ్ళ చూద్దామన్నది. మత్తు డాక్టర్ నరహరి గుమ్మంల నిలబడ్డడు, ఫోన్ దిక్కు చూసుకుంట. పచ్చ వచ్చేసరికి లోపల ఏం మిగల్లే."

వినీల ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. ఆమె నోరు విప్పేలోపు అవతలి గొంతే మళ్ళీ పలికింది.

"బెల్టులు మేం జరపలేదని అనను. నేనూ జరిపిన. అయ్యగార్లు టైం రాసిస్తే తలకాయ ఊపిన. కానీ ఆ పిల్ల ముహూర్తం అడగలేదు. దానికి పంచాంగమంటే ఏందో కూడ తెల్వది."

మరునాడు వినీల రంగనాథ్ గదిలోకి వెళ్ళి, కావలి నుంచి గడియారాన్ని తీసేద్దామంది. వేళ తెలియకపోతే పంచాంగమూ మరిచిపోతుంది కదా అని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"తీసేస్తే మళ్ళ మొదటికొస్తం వినీలా. ఒక్క కేసు జూసి బెదిరితే ఎట్ల? ఎన్ని వేల మంది తల్లులు కోత తప్పించుకున్నరో అదీ చూడు."

అందులోనూ నిజముంది. అదే ఆమెను ఆపింది. కావలి వారం వారం తన పాఠం తానే దిద్దుకుంటుంది, ఈ తప్పునూ దిద్దుకుంటుందిలే అని సర్దిచెప్పుకొని తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

* * *

శుక్రవారం తెల్లవారేసరికి నవనీతకు నొప్పులొచ్చాయి. ఎవరూ పిలవలేదు, వాటంతట అవే వచ్చాయి. సంపత్ ఫోను చేయగానే వినీల కారు మాట్లాడుకొని బయల్దేరింది. ఆస్పత్రి వరండాలో తల్లి ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"చూసినవా? నువ్వద్దన్నవ్, నేనూరుకున్న. దేవుడే ఆ ఘడియకు పంపుతున్నడు!"

వినీల కూడా నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. శుక్రవారం, తొమ్మిది దాటాక. ఆ వేళకు తెర మీద ఏ రంగు పడుతుందో ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

ఏం కాదులే, సాఫీగా అయిపోతుంది అనుకుంటూ లోపలికి వెళ్ళింది. నవనీత మంచం కమ్మీ గట్టిగా పట్టుకొని ఉంది. పొట్ట మీద బెల్టు, స్టాండుకు ఫోను, ఫోనులోంచి బిడ్డ గుండె చప్పుడు. గుర్రం దౌడు తీస్తున్నట్టు చక్కగా వినబడుతోంది. వినీల వదిన నుదురు తుడిచింది.

"ఆడపిల్లైతే నీ పేరే పెడ్త వదినా" అంది నవనీత పళ్ళ బిగువున.

"వద్దులే, ఇంట్ల ఒక మొండిది చాలు."

అప్పుడే ఆ దౌడు తడబడింది. ఒక్కసారి నెమ్మదించి, మళ్ళీ అందుకొని, మళ్ళీ నెమ్మదించి, ఈసారి అందుకోలేదు. హైమావతి చెయ్యి పెట్టి చూసింది. ఆమె మొహంలో రంగు మారింది.

"పేగు మెడకేసుకున్నట్టున్నది. ఆపరేషన్ చెయ్యాలె. ఇప్పుడే." ఆమె ఫోనులో కారణం నొక్కింది.

ఎర్రదీపం. "బెల్టు సరిచేయండి. మళ్ళీ చూద్దాం."

బెల్టు సరిగ్గానే ఉంది. హైమావతి విప్పి మళ్ళీ బిగించింది. నొక్కింది. అదే గొంతు, అంతే మర్యాద. "బెల్టు సరిచేయండి. మళ్ళీ చూద్దాం." ఆ గొంతును ఎంపిక చేసింది వినీలే. తల్లులు భయపడకుండా మెత్తగా ఉండాలని పది గొంతులు విని మరీ తీసుకుంది.

గుమ్మంలో నరహరి నిలబడి ఉన్నాడు. వయసులో చిన్నవాడు, ఆ చుట్టుపక్కల నాలుగు ఆస్పత్రులకూ మత్తు డాక్టరు అతనొక్కడే. చేతిలో ఫోను, ఫోనులో ఎరుపు.

"సారూ, నేనే ఆ యాప్ రాసిన. నేను చెప్తున్న, అది తప్పు చెప్తున్నది. సూదియ్యుండ్రి" అంది వినీల.

"పచ్చ రానియ్యుండ్రి మేడం. పోయిన నెల పక్కూరి డాక్టరు ఆగకుండ ఇచ్చిండు, ఇప్పుడు ఇంట్ల కూసున్నడు. నేను పోతే ఈ నాలుగు ఊళ్ళకు ఎవలున్నరు?" అతను చెడ్డవాడు కాదు. అందుకే వినీలకు మరింత భయమేసింది.

రంగనాథ్‌కు ఫోను చేస్తే రాజధాని అనుమతి కావాలంటాడు. పెద్ద దవాఖాన దూరం, వెళ్ళినా అక్కడా కావలే. ఫోనులోంచి వినబడే చప్పుళ్ళ మధ్య ఖాళీ పెరుగుతోంది. తలుపు అవతల సుగుణమ్మ గొంతు. ఏమీ తెలియక సంబరంగా సంపత్‌తో అంటోంది, "మంచి ఘడియరా, మంచి ఘడియల పుడుతున్నది..."

వినీల తల ఎత్తింది.

"మేడం, ఆ ఫోన్ ఇటియ్యుండ్రి."

సిగ్నల్ లేని ఊళ్ళలో కూడా పనిచేయాలని, నెట్ ఆపితే ఫోను గడియారాన్నే నమ్మేట్టు, పక్కనున్న మత్తు డాక్టరు ఫోనుకు నేరుగా దీపం పంపేట్టు కావలిని రాసింది ఆమే. నెట్ ఆపింది. గడియారాన్ని ముందుకు తిప్పింది. తొమ్మిదిన్నర కాస్తా పదకొండైంది. శుక్రవారం పదకొండంటే నట్టనడి రాహుకాలం. ఆ వేళకు బిడ్డ పుట్టాలని ఏ తల్లీ ఏ అత్తా కోరుకోదు. కాబట్టి ఆ వేళకు ఎవరూ అబద్ధమాడరు.

కారణం నొక్కింది. వెంటనే పచ్చదీపం వెలిగింది. నరహరి ఫోనులోనూ వెలిగింది. అతను పరుగున లోపలికొచ్చాడు.

ఆడపిల్ల. నీలంగా పుట్టింది. వీపు మీద తట్టగా తట్టగా చివరికి కేరుమంది. ఆ ఏడుపు విని వినీల వరండాలో నేల మీద కూలబడి తానూ ఏడ్చేసింది. సుగుణమ్మ ఆమె తల నిమురుతూ, "మంచి ఘడియే, నేను చెప్పలేదా?" అంది.

సాయంత్రం హైమావతి ఆమెను పక్కకు పిలిచింది. "ఏం జేసినవ్ బిడ్డా?"

వినీల చెప్పింది. డాక్టరమ్మ తన చేతుల వైపు చూసుకుంది. "ఇది నా పానం ఉన్నన్ని రోజులు యాదికుంటది" అంది.

* * *

పిల్లకు అమృత అని పేరు పెట్టారు. పుట్టింది అమృత ఘడియలో కదా అని నాయనమ్మ పట్టుబట్టింది. జనన పత్రంలో మాత్రం పదకొండు గంటలని పడింది, పత్రంలోకి ఎక్కేది కావలి చెప్పిన వేళే కాబట్టి. సుగుణమ్మ ఆ పత్రాన్ని బీరువాలో అడుగున దాచి, జాతకం మాత్రం అసలు వేళకే రాయించింది. "మిషన్‌కు టైం చూడరాదు" అని అందరికీ చెప్పుకుంది. ఇంట్లో అదొక హాస్యమైంది.

ఆ హాస్యం ప్రయోగశాలలోకి చేరలేదు. ఆ పచ్చదీపం వెలిగిన నాలుగైదు వారాలకు ఫయాజ్ మళ్ళీ పిలిచాడు.

"రాహుకాలంల కాన్పులు పెరుగుతున్నయ్. ఎందుకట్ల?"

హైమావతి ఆ కిటుకు ఒక్కరికే చెప్పింది. ఒక ప్రాణం పోతుంటే పక్కూరి డాక్టరమ్మకు చెప్పింది, చెప్పకుండా ఎట్లా ఉంటుంది? ఆ పక్కూరామె ఇంకొకరికి, వాళ్ళు వాట్సాప్ గుంపుకు. ప్రాణం కోసం తిప్పిన గడియారాన్ని ముహూర్తం కోసం తిప్పడం మొదలైంది. బిడ్డలు పుట్టేది అమృత ఘడియల్లో, ఫోనుల్లో పడేది రాహుకాలం. రాజధానిలో ఎవరో పెద్దమనిషి, జనంలో మూఢనమ్మకాలు తగ్గుతున్నాయని సభలో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు కూడా.

వినీల రంగనాథ్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేసింది. గడియారం తిప్పింది తనేనని, దారి చూపింది తనేనని. ఆయన కోపం తెచ్చుకోలేదు. అది మరీ అధ్వాన్నంగా ఉంది.

"బయట అనకు. మీ మేడం ఆస్పత్రికి సీలేస్తరు. కావలికి వదిలెయ్, అదే నేర్చుకుంటది."

అది నేర్చుకుంది. వారం తరువాత వారం రాహుకాలం మీద ఎరుపు వాలింది. డాక్టర్లు వర్జ్యానికి తిప్పారు, వర్జ్యం మీద వాలింది. దుర్ముహూర్తం మీద, చివరికి అమావాస్య మీద. అయిదో నెలకు ఫయాజ్ పరిచిన తెరలో గుంపుల్లేవు, ఖాళీల్లేవు. మొదటి తారీఖు నుంచి చివరి తారీఖు దాకా, గుండె నెమ్మదించిందన్న ప్రతిచోటా ఒక్కటే రంగు, ఎరుపు.

"పెద్దాపరేషన్లు సగానికి పడిపోయినయ్" అన్నాడు ఫయాజ్ నెమ్మదిగా. "రేపు సారుకు సన్మానమట. మిగతా లెక్క చూస్తవా?"

మిగతా లెక్క పుట్టకుండానే పోయిన పిల్లలదని ఆమెకు తెలుసు. చూసింది. రంగనాథ్‌ను దాటి నేరుగా రాజధానికి ఉన్నదంతా రాసి పంపింది. అందిందనీ పరిశీలిస్తున్నామనీ జవాబొచ్చింది. ఆ తరువాత ఇంకే జవాబూ రాలేదు.

* * *

అమృతకు అన్నప్రాసన. ఇల్లంతా చుట్టాలు. అయ్యగారు పెట్టిన ముహూర్తానికి మేనత్త ఒళ్ళో కూర్చోబెట్టి పాయసం ముట్టించాలని సుగుణమ్మ ఏర్పాటు. ఒక పక్క పుస్తకం, కలం, బంగారు గొలుసు, మట్టి ముద్ద వరుసగా పెట్టారు. పిల్ల వాటిని వదిలేసి వినీల చేతిలోని ఫోను కోసం చెయ్యి చాపింది. అందరూ గొల్లుమన్నారు.

"మేనత్త బుద్ధులే వచ్చినయ్" అంది నవనీత.

ఫోను అప్పుడే మోగింది. హైమావతి.

"బిడ్డా, ఎక్కడున్నవ్?" ఆమె పరుగెత్తి వచ్చినట్టు రొప్పుతోంది. "బల్ల మీద రజిత అని బీడీలు చేసే పిల్ల ఉన్నది. తొలికాన్పు. బిడ్డ గుండె పడిపోతున్నది. నెట్ ఆపిన, గడియారం తిప్పిన. రాహుకాలం పెట్టిన, నమ్మలే. వర్జ్యం పెట్టిన, నమ్మలే. అమావాస్య తారీఖు పెట్టిన, అదీ నమ్మలే."

ఆమె వెనక ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. ఆ ఏడుపు మీదుగా, మెత్తగా, తొందరేమీ లేకుండా ఇంకో గొంతు వినబడింది.

"బెల్టు సరిచేయండి. మళ్ళీ చూద్దాం."

"నరహరికి ఇయ్యుండ్రి మేడం, ఫోన్ నరహరికి ఇయ్యుండ్రి" అని అరిచింది వినీల. చుట్టాలంతా మాటలాపేసి ఆమె వైపు తిరిగారు.

"నరహరి లేడు. లైసెన్సు పోయి నెలాయె. కొత్తగ వచ్చినాయన పచ్చ చూపియ్యనిదే మెట్లు గూడ ఎక్కడు. దండం బెట్టిన, రాలే." బెల్టు మళ్ళీ బిగిస్తున్న చప్పుడు. "ఇంక ఏ టైం పెట్టాలె? నువ్వే చెప్పు బిడ్డా. ఏ టైం పెడితే నమ్ముతది?"

వినీల కళ్ళు గోడ మీది క్యాలెండర్‌ను వెతికాయి. గడి తరువాత గడి చూసింది. ఒళ్ళో పిల్ల పెదాలకంటిన పాయసం చప్పరిస్తూ ఫోను కోసం మళ్ళీ చెయ్యి చాపింది. అయ్యగారు గడియారం చూసుకొని, ఘడియ దాటిపోతోందమ్మా, రెండో ముద్ద పెట్టండి అన్నాడు.